రెండు వేలవీ, ముప్పై వేలవీ

హైదరాబాద్

బుజ్జీ,

మొదటి జీతంతో మంచి ఇన్-ఇయర్ ఇయర్‌ఫోన్స్ కొనుక్కుంటానన్నావట. ముప్పై వేల జత ఒకటి చూసి పెట్టుకున్నావనీ, ఈఎంఐలో తీసుకుంటావనీ మీ అమ్మ కాస్త టెన్షన్ పడుతూ చెప్పింది. రెండు వేల వాటికీ వాటికీ నిజంగా అంత తేడా ఉంటుందా, మామయ్యని అడిగి చెప్పు అన్నావు కదా. తేడా ఉంటుంది. కానీ దానిలో ఎక్కువ భాగం మొదటి ఏడెనిమిది వేల లోపే వచ్చేస్తుంది. ఆపైన పెట్టే ప్రతి వెయ్యికీ చెవికి అందేది తగ్గుతూ పోతుంది. స్టూడియోల్లో హెడ్‌ఫోన్స్ తగిలించుకునే ఉద్యోగమంతా గడిపినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది కాస్త వివరంగానే రాస్తున్నాను. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది అమరిక. రబ్బరు టిప్ చెవి రంధ్రాన్ని సందు లేకుండా మూసెయ్యాలి. ఏ కాస్త సందున్నా బేస్, అంటే కింది స్థాయి గంభీరమైన నాదం, మొత్తం పోతుంది. మృదంగం మీద ఎడమన తొప్పి వైపు పలికే లోతైన గుంకి వినపడదు, కుడివైపు వలంతల చప్పుడే మిగులుతుంది. వెంటనే మనం 'చవకది కదా, బేస్ లేదు' అనేస్తాం. లక్ష రూపాయల జత పెట్టుకున్నా అదే జరుగుతుంది. పెట్టెలో చిన్న, మధ్య, పెద్ద సైజు టిప్స్ ఇస్తారు. చాలామంది తగిలించి వచ్చిన సైజుతోనే ఏళ్లు గడిపేస్తారు. నువ్వు అలా చెయ్యకు, మూడూ వేసి చూడు. కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఇంకో సైజు సరిపోయేవాళ్లూ ఉంటారు. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి పై అంచుని కొద్దిగా పైకీ వెనక్కీ లాగు, లోపలి దారి నిటారుగా అయి టిప్ చక్కగా కూర్చుంటుంది. సిలికాన్ నప్పకపోతే ఫోమ్ టిప్స్ విడిగా దొరుకుతాయి. వేళ్లతో నలిపి లోపల పెడితే మెల్లగా ఉబ్బి మూసుకుంటాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మార్పు తెచ్చేది నాకు తెలిసి ఇంకోటి లేదు.

ఇక ధ్వని సంగతి. తెరిచి ఉన్న చెవి రంధ్రం దానికదే 3000 హెర్ట్జ్ దరిదాపుల్లో శబ్దాన్ని పెంచుతుంది. పుట్టినప్పటి నుంచి మనం అలాగే వింటున్నాం. ఇయర్‌ఫోన్ పెట్టి మూసేస్తే ఆ పెంపు మారిపోతుంది కాబట్టి తయారుచేసేవాళ్లు దాన్ని తిరిగి కలపాలి. ఎంత కలపాలి, బేస్ ఎంత ఉంచాలి, పైన ఎక్కడ తగ్గించాలి అన్న లెక్కనే ట్యూనింగ్ అంటారు. ఒకప్పుడు చవక వాటిలో ఈ లెక్క ఘోరంగా ఉండేది. బేస్ ఉబ్బించి, పైన పదును పెంచి, మధ్యలో పాడేవాళ్లని వెనక్కి నెట్టేసేవారు. హార్మన్ కంపెనీ పరిశోధకుడు షాన్ ఆలివ్, ఆయన బృందం కలిసి శ్రోతలకి బ్రాండు పేరు తెలియనివ్వకుండా వినిపించి, ఎక్కువమందికి నచ్చే తీరు ఏదో తేల్చారు. దాన్నే హార్మన్ టార్గెట్ అంటున్నారు. ఆ వివరాలు అందరికీ అందుబాటులోకి వచ్చాక చైనా కంపెనీలు వాటిని చవక జతల్లోకి కూడా దించేశాయి. 'మూన్‌డ్రాప్ చూ', 'సెవెన్ హెర్ట్జ్ జీరో' లాంటి మోడల్స్ రెండు వేలకి అటూ ఇటూగా దొరుకుతున్నాయంటే కారణం అదే. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్స్‌ని కొలిచి చూస్తే, ధరకీ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ, అంటే ఏ స్థాయి శబ్దాన్ని ఎంత గట్టిగా వినిపిస్తుందన్నదానికీ, సంబంధమే కనపడలేదు. ధర పెరిగితే ట్యూనింగ్ దానంతటదే బాగుపడదు. ఖరీదైన వాటిలోనూ విచిత్రమైన ట్యూనింగ్‌వి బోలెడు ఉన్నాయి.

మరి ఆ పై డబ్బంతా ఎక్కడికి పోతుంది? సెన్‌హైజర్ కంపెనీవే మూడు మోడల్స్ చూడు: ఐఈ 200, ఐఈ 600, ఐఈ 900. విడుదలైనప్పుడు వాటి ధరలు సుమారు 150, 700, 1300 డాలర్లు. మూడింట్లోనూ చెవికి ఉన్నది 7 మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవర్ ఒక్కటే. డ్రైవర్ అంటే శబ్దం పుట్టించే బుల్లి స్పీకర్. 200కి ప్లాస్టిక్ ఒళ్లు. 600ది జిర్కోనియం లోహంతో త్రీడీ ప్రింటింగ్‌లో చేసింది. 900ది అల్యూమినియం దిమ్మని చెక్కి, లోపల సన్నటి గాలి గదులు తీర్చి చేసింది. పై స్థాయిలో అక్కర్లేని మోతని ఆ గదులు అణిచేస్తాయి. ఇది కష్టమైన పనే, ఖర్చయ్యే పనే. ఎడమ, కుడి డ్రైవర్లు సరిగ్గా జోడు కుదిరేలా ఏరి పెట్టడానికీ ఖర్చవుతుంది. చవక వాటిలో ఒక్కోసారి గాత్రం నడిమధ్యన కాక ఓ పక్కకి ఒరిగినట్టు వినపడేది ఆ జోడు కుదరకే.

నువ్వు పాట నేర్చుకున్న పిల్లవి కాబట్టి తేడా నీ మాటల్లోనే చెబుతాను. మామూలు జతలో తంబురా వెనకాల ఒక మోతలా ఉంటుంది. మంచి జతలో నాలుగు తీగలూ విడివిడిగా తెలుస్తాయి, జీవ, అదే తీగ కింద పెట్టే దారం, వల్ల వచ్చే ఆ జుమ్మనే నాదం ఒక్కో మీటు తరవాత విచ్చుకోవడం తెలుస్తుంది. వీణ మీద గోటి మీటూ, తీగ లాగిన గమకమూ ఒకదానిలో ఒకటి కలిసిపోవు. 'స', 'ష', 'శ' వచ్చినప్పుడు చెవిలో గుచ్చినట్టు ఉండదు. వయొలిన్ గాత్రాన్ని అంటిపెట్టుకుని నడిచే చోట కూడా రెండూ వేరుగానే ఉంటాయి. ఇవి నాకెంతో ఇష్టమైన తేడాలు, వీటి కోసం డబ్బు పెట్టేవాళ్లని నేను తప్పు పట్టను. కాకపోతే ఇవి నిశ్శబ్దంగా ఉన్న గదిలో, మంచి రికార్డింగ్ పెట్టుకుని, వేరే పనేమీ లేకుండా కూర్చుంటేనే దొరుకుతాయి. పాత సినిమా పాటల మోనో రికార్డింగుల్లో చాలావరకు దొరకవు. ఎల్బీనగర్‌లో ఎక్కి అమీర్‌పేటలో మారి రాయదుర్గం వెళ్లే నీ మెట్రో ప్రయాణంలో అసలే దొరకవు.

డబ్బా మీద రాసిన డ్రైవర్ల సంఖ్య చూసి మోసపోకు. ఒక్కో చెవికి నాలుగు, ఎనిమిది, పది అని గొప్పగా రాస్తారు. కానీ ఎటిమోటిక్ కంపెనీ ఇయర్‌ఫోన్ ఈఆర్-4 చూడు, 1991లో వచ్చింది. చెవికి ఒకే ఒక్క డ్రైవర్, అదీ వినికిడి యంత్రాల్లో వాడే బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ రకం. ఎంతోమంది దాన్ని ఏళ్ల తరబడి కొలమానంగా పెట్టుకున్నారు.

షాపులో రెండు జతలు పోల్చి చూసేటప్పుడు రెండింటి శబ్దం సమానంగా ఉండేలా చూసుకో. కాస్త గట్టిగా మోగేదే మన చెవికి స్పష్టంగానూ, గొప్పగానూ తోస్తుంది. అమ్మేవాళ్లకి ఆ సంగతి బాగా తెలుసు. నీకు కంఠతా వచ్చిన పాటే పెట్టు, వాళ్ల డెమో పాట వద్దు.

మెట్రోలో ఇంకో సంగతి ఉంది, ఇది ధర కన్నా ముఖ్యం. బయట మోత ఎక్కువైన కొద్దీ మనం తెలియకుండానే వాల్యూమ్ పెంచేస్తాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. అదే 90కి పెంచితే వారం మొత్తానికి 4 గంటలే. టిప్ సరిగ్గా కూర్చుంటే బయటి శబ్దం చాలా తగ్గుతుంది, వాల్యూమ్ పెంచాల్సిన అవసరమే రాదు. పాట పాడే నీకు చెవి పాడైతే ఏ జత కొన్నా లాభం లేదమ్మా. ఫోన్‌లో వాల్యూమ్ పరిమితి పెట్టుకో, ఇది మాత్రం మాట వినాలి.

వైర్‌లెస్ బడ్స్ కావాలంటే కాల్స్ కోసం, ప్రయాణం కోసం మామూలు ధరలో ఒకటి తీసుకో. నాయిస్ క్యాన్సిలింగ్ ఉంటే రైలు గుయ్యిమనే మోత బాగా తగ్గుతుంది. కానీ వాటిమీద ముప్పై వేలు పెట్టడం నాకిష్టం లేదు. లోపలున్న బుల్లి బ్యాటరీ కొన్నేళ్లకి నీరసిస్తుంది, అప్పుడు మొత్తం జత పక్కన పెట్టాల్సిందే. వైరువి అలా కాదు. వైరు ఊడదీసి మార్చుకునే రకం తీసుకుంటే తెగినా కొత్త వైరు వేసుకోవచ్చు. నీ ఫోన్‌కి జాక్ లేదు కాబట్టి వైరుని ఫోన్‌కి కలిపే చిన్న ముక్క, టైప్-సి డాంగిల్ కావాలి. ఫోన్‌లోని డిజిటల్ పాటని ఇయర్‌ఫోన్‌కి పనికొచ్చే సంకేతంగా మార్చే డాక్ చిప్ లోపల ఉన్నదే అడుగు. చిప్ లేని ఉత్త డాంగిల్స్ కొన్ని ఫోన్లకి పనిచెయ్యవు. చెమట పట్టాక తుడిచి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టు. టిప్ తగిలించే గొట్టం, అదే నాజిల్, దాని మీది జాలీలో తేమ చేరితే ఒక పక్క శబ్దం తగ్గిపోతుంది.

కాబట్టి నా మాట ఇది. ముందు రెండు వేల లోపు వైరుది ఒకటి, డాంగిల్ ఒకటి, ఫోమ్ టిప్స్ ఒక జత కొను. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా బిల్లూ వారంటీ అడుగు, పేరున్న మోడల్స్‌కి నకళ్లు ఎక్కడైనా ఉంటాయి. కొన్ని నెలలు దాంతోనే విను. దానిలో నీకు ఏం తక్కువైందో నీ చెవే చెబుతుంది, బేసా, గాత్రమా, పైస్థాయా అని. అప్పుడు ఆ ఒక్కటి బాగున్నదాన్ని వెతుక్కో. ఈఎంఐ మాత్రం వద్దు.

ఈ ఆదివారం ఖాళీ ఉంటే ఇంటికి రా. నా దగ్గర చవకదీ ఉంది, ఖరీదైనదీ ఉంది. నీ ఫోన్, నీకు నచ్చిన పాటలు తెచ్చుకో. శబ్దం సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తాను. ఖరీదైనదాన్ని నువ్వు గుర్తుపట్టి, అదే నచ్చితే, డబ్బు కూడబెట్టుకుని కొనుక్కుందువు గాని. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ మామయ్య