చెరువు విషయంలో అందరూ కలిసి ఒక నిర్ణయానికి రావడం కుదురుతుందా?

కాలనీ వాళ్లు, మత్స్యకారులు, శిఖం (చెరువు లోపలి భూమి) పట్టాదారులు, అధికారులు ఒకచోట చేరితే గొడవే తప్ప నిర్ణయం రావడం లేదని అడిగారు. హైదరాబాద్‌లో మా చెరువు దగ్గరా మొదటి రెండు సమావేశాలు అలాగే విఫలమయ్యాయి.

తప్పు మాదే. మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో ఏసీ వేసి పిలిచాం. మత్స్యకారుల సంఘం నుంచి ఒక్కరే వచ్చి, తలుపు దగ్గరే నిలబడి వెళ్లిపోయారు. మూడోసారి కట్ట మైసమ్మ గుడి ముందు, వేపచెట్టు కింద, ఆదివారం వలలు తీసే వేళయ్యాక పెట్టుకున్నాం. అందరూ వచ్చారు.

ముందు చెరువు చుట్టూ నడుద్దామన్నది ఆ సంఘం పెద్దమనిషే. గుర్రపుడెక్క దట్టంగా అల్లుకున్న మూలలో ఒక పైపు నురగలు కక్కుతోంది. "ఇది ఎవరిది సార్?" అన్నారాయన. మాదే. కరెంటు బిల్లుకు భయపడి మా మురుగుశుద్ధి మోటార్లను రాత్రిళ్లు ఆపేస్తున్నారట! ఆ డెక్కపై మందు కొట్టించాలని అంతకుముందు వారమే తీర్మానించిన ఘనులం మేము. మురుగులోని నత్రజని, భాస్వరమే దానికి ఎరువు. మందుకు చచ్చిన ఆకు నీళ్లలో కుళ్లితే ఆక్సిజన్ తగ్గి చేపలు చచ్చి తేలతాయి. ఆ తీర్మానాన్ని అక్కడే చింపేశాం.

ఆపైన "మీకేం కావాలి" అని ఎవరినీ అడగలేదు. "ఏ నెలలో నీళ్లు ఎంతవరకు ఉండాలి" అని అడిగి, తూము రాతిపై సుద్దతో గీతలు గీయించాం. మన చెరువులు గొలుసుకట్టు కదా, ఒకటి నిండితే నీరు కిందిదానికి పోతుంది; మా అలుగు మీంచి పొర్లిన నీరు కింది బస్తీ పక్కనుంచే పోవాలి. ఆ బస్తీ వాళ్లను మొదట పిలవనేలేదు. 2020 అక్టోబరు వరద వాళ్లింకా మరవలేదు, వానలకు ముందే చెరువులో జాగా ఉండాలన్నారు. మేలోపు పెద్ద చేప పట్టేస్తాం, జూన్‌లో నీరు తగ్గించినా నష్టం లేదన్నారు మత్స్యకారులు. చేపపిల్లలు వదిలాక మాత్రం తూము ముట్టుకోవద్దన్నారు. తప్పనిసరైతే వల కట్టి తెరుద్దామన్నది బస్తీలోని ఒక అమ్మ. తూము తెరిచే అధికారం నీటిపారుదల శాఖది, కాబట్టి ఆ ఇంజనీరు ఎదుటే ఇదంతా రాసుకున్నాం.

ఒక్క విషయం మాత్రం చర్చకు రానివ్వకండి. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే మట్టం) హద్దు, దాని వెలుపల కట్టడాలు లేకుండా వదలాల్సిన బఫర్ (10 హెక్టార్లు, ఆపై చెరువులకు 30 మీటర్లు) చేతులెత్తించి తేల్చేవి కావు. అవి సర్వేతో, చట్టంతో తేలాలి. అలా అన్నందుకు ఒక పట్టాదారు ఇప్పటికీ నాతో మాట్లాడడు.

సుద్ద గీతలు మొదటి వానకే పోయాయి. ఇప్పుడు ఎర్ర రంగుతో వేయించాం. డబ్బా ఖర్చు మా అపార్ట్‌మెంట్ మీదే వేశారు, పైపు సంగతి ఎవరూ మరిచిపోలేదు.