కూలీలు సోమరులయ్యారా?

ప్రశ్న: మాది మండపేట దగ్గర పల్లెటూరు. ఎనిమిదెకరాల వరి. సార్వా (ఖరీఫ్) ఊడ్పులకు మనుషులు దొరక్క నారు ముదిరిపోయింది. ఉచిత బియ్యం, పింఛన్లు, ఉపాధి హామీ ఇచ్చి జనాన్ని సోమరుల్ని చేస్తున్నారని మా ఊళ్ళో అందరి మాట. మా పన్నుల సొమ్ము ఇలా పంచడం న్యాయమేనా? – ఒక రైతు

జవాబు: నారు ముదురుతుంటే రైతుకుండే టెన్షన్ నాకు తెలుసు. ఉద్యోగమంతా సహకార సంఘంలో పంట రుణాలు రాసినవాణ్ణి. అయినా మీ ఊరి మాటతో ఏకీభవించలేను.

రేషన్ బియ్యం మనిషికి నెలకు 5 కిలోలు. నలుగురున్న ఇంటికి 20. నూనె, పప్పు, గ్యాస్ బండ, డ్వాక్రా వాయిదా అందులోంచి రావు కదండీ. 2024 జూలై నుంచి ఇస్తున్న 4000 రూపాయల పింఛను ముసలివాళ్ళకి, భర్త పోయిన ఆడవాళ్ళకి. మీ చేలో ఊడ్చాల్సింది వాళ్ళా? ఇక ఉపాధి హామీ పనులు మన డెల్టాలో ఎక్కువగా జరిగేది ఎండాకాలంలో, కాలువలు కట్టేసి చేలు ఖాళీగా ఉన్నప్పుడే.

మరి మనుషులేరీ? ఆడవాళ్ళు కొందరు కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళారు. కుర్రాళ్ళు రొయ్యల చెరువుల మీద, హైదరాబాద్‌లో బిల్డింగ్ పనుల్లో ఉన్నారు. కోతలకి మిషన్లు వచ్చాక మన చేలల్లో కూలికి దొరికేది ఏడాదిలో కొన్ని వారాల పని. మిగతా నెలలు ఏం తింటారు?

రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చిన 1983లోనూ ఈ మాటే విన్నాను. అంతకుముందు ఇంట్లో గింజలు లేనివాళ్ళు మోతుబరి దగ్గర అప్పు తెచ్చుకుని, ఆయన చెప్పిన కూలికే చేలోకి దిగేవాళ్ళు. కడుపుకింత భరోసా దొరికాక రేటు అడగగలుగుతున్నారు. నా దృష్టిలో అది మంచి మార్పు.

పన్నులంటారా, కూలివాళ్ళు కొనే సబ్బు మీదా జీఎస్టీ ఉంది. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. 3 లక్షల వరకు పంట రుణం గడువులోగా కడితే వడ్డీ 4 శాతమే, మిగతాది ప్రభుత్వం భరిస్తుంది. యూరియాకి సబ్సిడీ ఉంది. మీ చేలోకి వచ్చే గోదావరి నీళ్ళు కూడా 1852లో ప్రభుత్వ ఖర్చుతో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమే. ఇవన్నీ ఉండాలి, ఇంకా పెరగాలి. వీటివల్ల మీరు సోమరులు కాలేదు.

నన్ను బాధపెట్టేది వేరే ఉంది. నా బల్ల ముందు రుణం కాగితాల మీద సంతకం పెట్టే యజమాని చాలాసార్లు పట్నంలో కాపురం. బురదలో దిగేది కౌలుదారు. వడ్డీ రాయితీ యజమానికి, పంట పోతే నష్టం కౌలుదారుకి. ప్రభుత్వ సొమ్ము దారి తప్పుతోందని కోపం వస్తే, ముందు ఇక్కడ రావాలి.

మీ కష్టం నిజం. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట వేయమని విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర అడిగారు. ఇప్పటికీ అడగాల్సింది అదే. ధర వస్తే కూలీ పెంచడం మీకూ భారం కాదు. ఈలోగా దాళ్వాకి (రబీకి) కొంత చేను డ్రమ్ సీడర్‌తో, అంటే ఊడ్పు లేకుండా మొలకెత్తిన విత్తనాన్ని నేరుగా చేలో వరుసల్లో వేసే పరికరంతో, వేసి చూడండి. చుట్టుపక్కల రైతులు నలుగురైదుగురు కలిసి, నారు పోసేటప్పుడే ముఠా మేస్త్రితో తేదీలూ గుత్త రేటూ మాట్లాడుకోండి. అందరికీ ఒకే వారం కావాలంటే ఎవరికీ దొరకరు.

కార్లున్న ఇళ్ళకి రేషన్ కార్డులుంటే గ్రామసభలో నిలదీయండి. అందులో నేను మీ పక్షమే.