కేథలిక్ బడిలో క్రమశిక్షణ: చదువుకున్న, చదువు చెప్పిన అనుభవంతో ఒక జవాబు

అబ్బాయిని ఆరో తరగతిలో కేథలిక్ పాఠశాలలో చేర్చాలనుకుంటున్నామని, అక్కడ ఇప్పటికీ కొడతారా అని అడిగారు. సిస్టర్లు నడిపే బడిలో చదువుకొని, తరువాత అలాంటిదే మరొక బడిలో పంతొమ్మిదేళ్లు లెక్కలు చెప్పాను కాబట్టి చూసిన సంగతులే రాస్తున్నాను.

మా చిన్నప్పుడు బెత్తం ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో విద్యా నిబంధనలను సవరించి బడుల్లో కొట్టడాన్ని నిషేధించారు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను మానసిక వేధింపును కూడా అందులో చేర్చింది. ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు (కేథలిక్ బడులూ వీటిలోవే) వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పాక, ఇక మనకు అడ్డు లేదన్నట్టు మాట్లాడినవారు మా స్టాఫ్ రూములోనే ఉన్నారు. పిల్లవాడిని గాయపరిస్తే క్రిమినల్ చట్టం ముందు ఆ బడి, ఈ బడి అనే తేడా ఉండదని వారికి తట్టలేదు.

నిజానికి ఈ బడుల్లో పిల్లలను అదుపులో ఉంచేవి ఏడాది పొడుగునా మారకుండా నడిచే చిన్న నియమాలు. మా బడిలో ఆలస్యంగా వచ్చినవారు ప్రార్థన ముగిసేదాకా మరియమాత విగ్రహం ఉన్న చిన్న గుహ పక్కన నిలబడాలి. ఎనిమిదో తరగతి కుర్రవాడొకడు వరుసగా నాలుగు రోజులు అక్కడ నిలబడ్డాడు, నాలుగు రోజులూ నేను వాడి డైరీలో ఎర్ర సిరాతో రాశాను. ఐదో రోజు హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ వాడి బస్సు పాసు అడిగి, ఊరి పేరు చూసి, ఆ రూటులో బస్సు వేళ మారిన సంగతి కనుక్కొని, అటు నుంచి వచ్చే పిల్లలకు పదిహేను నిమిషాలు సడలించారు. మిగతావారికి నియమం అలాగే ఉంది. ఇటలీలోని టురిన్ నగరంలో దిక్కులేని బాలురను చేరదీసిన కేథలిక్ ఫాదర్ డాన్ బోస్కో తన ‘నివారణ పద్ధతి’ గురించి 1877లో రాసినదీ ఈ దారే: పెద్దలు పిల్లల మధ్యనే మసలుతూ తప్పుకు ముందే అడ్డుపడాలని, వివేకం, మతం, వాత్సల్యం ఆధారంగా నడపాలని, కొట్టడం కూడదని.

నాకు భయం కలిగించేది నలుగురిలో పరువు తీయడం. నేను చదివిన బడిలో తెలుగు మాట్లాడినవారి చేతికి ఒక చెక్కబిళ్ల వచ్చేది; చివరి గంటకు అది ఎవరి దగ్గరుంటే వారు రూపాయి కట్టాలి. దాన్ని వదిలించుకోవడానికి పక్కవాళ్లు ఎప్పుడు నోరు జారుతారా అని కాచుకుని ఉండేవాళ్లం. తలుపు సందులో వేలు నలిగి ‘అమ్మా, చచ్చాను’ అన్న నా పక్క బెంచీ అమ్మాయికి ఆ బిళ్ల ఇచ్చింది నేనే.

అందువల్ల కొడతారా అన్న ఒక్క ప్రశ్నతో ఆగకండి. స్కూలు డైరీలో నియమాల పేజీ చదివి, మూడోసారి తప్పు చేస్తే ఏం చేస్తారో, అది ఎవరి ఎదుట చేస్తారో అడగండి. వీలైతే ఇంటర్వెల్ వేళకు వెళ్లి కాసేపు గేటు దగ్గర నిలబడి, టీచర్లు మైదానంలో పిల్లల మధ్య ఉన్నారో, స్టాఫ్ రూములో ఉన్నారో చూడండి.