డర్బన్ చుట్టానికి వంశవృక్షం మీద సంతకం పెడితే పొలంలో వాటా పోతుందా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. మా ముత్తాత అన్నగారు 1903 ప్రాంతంలో కూలి పనికి ఓడెక్కి నేటాల్ (దక్షిణాఫ్రికా) వెళ్లి, మళ్లీ రాలేదట. ఇప్పుడు ఆయన మునిమనవడు డర్బన్ నుంచి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చారు. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) కోసం వంశవృక్షంతో అఫిడవిట్ ఇమ్మంటున్నారు. సంతకం పెడితే మా రెండున్నర ఎకరాల్లో వాటా అడుగుతారని అమ్మకు ఒకటే టెన్షన్. 1974లో మా తాతయ్య, ఆయన తమ్ముడు రిజిస్టరు చేయించుకున్న పంపకాల దస్తావేజు ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు

జవాబు: సంతకం పెట్టండి. కాకపోతే ఏం రాసి పెడుతున్నారన్నది ముఖ్యం.

చుట్టరికం ఒప్పుకుంటే వాటా ఒప్పుకున్నట్టు కాదు. వాటా కావాలంటే, తమ ముత్తాత ఓడెక్కే నాటికే ఆ భూమి ఉమ్మడి ఆస్తి అని వాళ్లు రుజువు చేయాలి. అన్నగారు వెళ్లిన తర్వాత మీ ముత్తాత సొంత కష్టంతో కొన్నదైతే ఆ మాటే రాదు. మీది జమీందారీ ప్రాంతం. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత పట్టా ఎవరి పేరున వచ్చిందో చూడాలి. తహసీల్దారు ఆఫీసులో ఫెయిర్ అడంగల్ (ఆ సెటిల్‌మెంట్ నాటి భూమి రికార్డు) నకలుకు దరఖాస్తు పెట్టండి.

ఉమ్మడిదే అనుకున్నా, తనను వాటాలోంచి తప్పించారని తెలిసిన నాటి నుంచి 12 ఏళ్లలోపు దావా వేయాలి (లిమిటేషన్ చట్టం, ఆర్టికల్ 110). "మాకు ఇప్పుడే తెలిసింది" అని వాదించే వీలుంది కాబట్టి ఈ గడువు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 1974 దస్తావేజు, శిస్తు రసీదులు, పాసుపుస్తకం భద్రంగా ఉంచండి. అవి చేతిలో ఉండగా అలాంటి దావా నిలవడం చాలా కష్టమని నా అభిప్రాయం. అమ్మగారికి ఇంకో మాట కూడా చెప్పండి: ఓసీఐ కార్డు ఉన్నంత మాత్రాన ఇక్కడ వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు.

కార్డు విషయానికొస్తే, లెక్క ఓడెక్కిన ఆయన దగ్గర మొదలుపెట్టి చాలామంది కంగారుపడతారు. 1950 జనవరి 26 నాటికి భారత పౌరసత్వానికి అర్హత ఉన్నవారి నుంచి లెక్కపెట్టాలి. తల్లిదండ్రుల్లోగానీ, తాతల్లోగానీ ఒకరు ఇక్కడ పుట్టి ఉంటే, విదేశంలో ఉంటున్నవారికీ ఆ అర్హత ఉంది. అక్కడి నుంచి మునిమనవల దాకా ఓసీఐ అడగవచ్చు. మీ చుట్టం తాతగారు అప్పటికి బతికి ఉంటే దారి సుగమమే.

ఇక రుజువు. నేటాల్‌కు 1860 నుంచి 1911 దాకా వెళ్లిన కూలీల ఓడ జాబితాల్లో ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాసేవారు. ఆ పేజీ నకలు ముందు తెప్పించమనండి. అందులో జిల్లా "గంజాం" అని ఉంటే మాది కాదని పక్కన పెట్టేయకండి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా టెక్కలి గంజాం జిల్లాలోనే ఉండేది. ఈ ఒక్క మాట తెలియక ఒడిశాలో తిరిగి తిరిగి ఉత్త చేతులతో వెనక్కి వెళ్లినవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. జాబితాలోని తండ్రి పేరు, మీ పాత దస్తావేజుల్లో మీ ముత్తాత పేరు పక్కన ఉన్న తండ్రి పేరు ఒకటేనా చూడండి.

అఫిడవిట్‌లో మీకు తెలిసింది తెలిసినట్టు, విన్నది విన్నట్టు రాయండి: "మా ముత్తాత అన్నగారు నేటాల్ వెళ్లారని మా నాన్నమ్మ చెప్పగా విన్నాను." గొడవ ఏదీ లేనప్పుడు, పోయిన పెద్దలు చుట్టరికం గురించి చెప్పిన మాటకు సాక్ష్య చట్టంలో విలువ ఉంది. డర్బన్‌లో ఎవరికి ఎవరు పుట్టారో మీకు తెలియదు. ఆ వరసలకు మీరు ప్రమాణం చేయకండి, అక్కడి జనన, వివాహ పత్రాలు ఆయనే జతచేస్తారు. "చట్టబద్ధ వారసుడు", "ఆస్తి", "వాటా" అన్న మాటలు ఎక్కడ కనిపించినా తీయించండి. "ఓసీఐ దరఖాస్తు కోసం మాత్రమే" అని చేర్చండి. ఇంగ్లీషులో రాసి ఇస్తే తెలుగులో చదివించుకోండి. ఖాళీ స్టాంపు పేపరు మీద మాత్రం ఎంత దగ్గరివాళ్లు అడిగినా సంతకం వద్దు.

నూట ఇరవై ఏళ్ల తర్వాత ఊరి పేరు పట్టుకుని వచ్చిన మనిషి ఆయన. కాగితాలు కుదిరేలోపు అమ్మగారి పక్కన కూర్చోబెట్టి ఆ ముత్తాతల కబుర్లు చెప్పించండి, ఫోన్లో రికార్డు చేసి ఉంచండి.