అద్దాల స్కూలు కోసం లక్షా డెబ్బై వేల డాలర్లు ఎక్కువ పెట్టొచ్చా?

ప్రశ్న: మేం డాలస్ దగ్గర అర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. నాది హెచ్1బి, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయింది. మా ఇద్దరి జీతాలు కలిపి ఏడాదికి 2 లక్షల 10 వేల డాలర్లు, చేతిలో 1 లక్షా 60 వేలు ఉన్నాయి. పాపకి 8 ఏళ్లు, బాబుకి 4. ప్లేనోలో పాత ఇల్లు ఒకటి 5 లక్షల 50 వేలకు, ప్రాస్పర్‌లో కొత్త ఇల్లు ఒకటి 7 లక్షల 20 వేలకు చూశాం. ప్లేనోలో మా జోన్‌కి వచ్చే స్కూలు 40 ఏళ్ల నాటిది. సీలింగ్ తక్కువ ఎత్తు, కారిడార్లలో వెలుతురు అంతంత మాత్రం. ప్రాస్పర్ స్కూలు చూస్తే కొత్త ఎయిర్‌పోర్టులా ఉంది. మా ఆవిడ అక్కడే ఫిక్స్ అయిపోయింది. రెండూ డబ్బున్న ఊళ్లే కదా, స్కూళ్లలో ఇంత తేడా ఎందుకు? ఆ తేడా కోసం అంత ఎక్కువ పెట్టడం సరైనదేనా?

జవాబు: ఇప్పుడున్న పరిస్థితిలో పెట్టకండి. మీ శ్రీమతిగారికి ఇది రుచించదని తెలుసు కాబట్టి కారణాలు కాస్త వివరంగానే చెప్తాను.

ముందు ఆ తేడా సంగతి. అది డబ్బు తేడా కాదు, వయసు తేడా. 1970 జనాభా లెక్కల్లో ప్లేనో జనం 17,872. పదేళ్లకు 72,331. అంటే ఇవాళ ప్రాస్పర్‌లో మీరు చూస్తున్న హడావుడి అంతా ప్లేనోలో అప్పుడు జరిగింది. స్కూళ్లు వరసగా లేచాయి. తర్వాత వంతు ఫ్రిస్కోది. 1990లో 6,138 మంది ఉన్న ఊరు 2020కి రెండు లక్షలు దాటింది. ఇప్పుడు ప్రాస్పర్, సెలీనా వంతు. 2000లో ప్రాస్పర్ జనం 2,097 మంది, 2020లో 30 వేలు. ఏ ఊరికి జనం ఎప్పుడు పోటెత్తారో ఆ ఊరి స్కూళ్ల వయసు అదే. 1973 చమురు సంక్షోభం తర్వాత కరెంటు ఆదా పేరుతో కిటికీలు తగ్గించి, సీలింగ్ దించి కట్టడం అమెరికా అంతటా జరిగింది. మీరు చూసిన చీకటి కారిడార్లు ఆ కాలం అలవాటే తప్ప ప్లేనో పేదరికం కాదు.

రెండో కారణం టెక్సాస్ స్కూల్ ట్యాక్స్‌లో ఉంది. ఇల్లు కొనేవాళ్లలో చాలామంది ఇది చూడరు. మీ ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో స్కూల్ డిస్ట్రిక్ట్ (ఊళ్లోని ప్రభుత్వ స్కూళ్లు నడిపే సంస్థ) రేటు ఒకటే అంకెలా కనిపిస్తుంది కానీ లోపల రెండు ముక్కలుంటాయి. ఒకటి ఎం అండ్ ఓ. టీచర్ల జీతాలు, కరెంటు, బస్సులు దీన్నుంచే. రెండోది ఐ అండ్ ఎస్. బిల్డింగుల కోసం చేసిన బాండ్ అప్పుల కిస్తీ ఇది. 1993లో తెచ్చిన చట్టం ప్రకారం ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టులు ఎం అండ్ ఓ డబ్బులో కొంత రాష్ట్రానికి కట్టాలి. జనం దీన్ని రాబిన్ హుడ్ అంటారు. ప్లేనో ఇలా ఏటా కోట్లాది డాలర్లు పంపుతూ వచ్చింది. ఐ అండ్ ఎస్ జోలికి మాత్రం రాబిన్ హుడ్ రాదు, ఆ డబ్బు మొత్తం ఊళ్లోనే ఉంటుంది. పైగా బాండ్ డబ్బుతో టీచర్లకు జీతం ఇవ్వకూడదు. అందుకే ఒకే డిస్ట్రిక్టులో ఒక పక్క మెరిసిపోయే ఫైన్ ఆర్ట్స్ బ్లాకు లేస్తుంది, ఇంకో పక్క బడ్జెట్ లోటు అంటూ టీచర్ పోస్టులు తగ్గిస్తారు. బయటివాళ్లకు వింతగా ఉంటుంది కానీ చట్టం ప్రకారం రెండూ వేర్వేరు జేబులు.

2023 నవంబరులో ప్రాస్పర్ డిస్ట్రిక్ట్ 280 కోట్ల డాలర్ల బాండ్ ఓటింగుకు పెట్టింది. 9 కోట్ల 40 లక్షల స్టేడియం ఒక్కటే ఓడిపోయింది, మిగతావి గెలిచాయి. ఆ అప్పు తీర్చేది అక్కడ ఇల్లున్నవాళ్లే. ప్రాస్పర్‌లో ఐ అండ్ ఎస్ ఒక్కటే వంద డాలర్ల ఆస్తి విలువకు 50 సెంట్లు. కొత్త బాండ్లు ఇచ్చేటప్పుడు రాష్ట్రం చూసే గరిష్ఠం కూడా అదే. ఇటీవలి సంవత్సరాల్లో స్కూల్ రేటు మొత్తం చూస్తే వందకు ప్రాస్పర్‌లో 1.25 డాలర్లు, ప్లేనోలో 1.04 దగ్గర్లో ఉంది. 2024లో ఫ్రిస్కో కూడా బాండ్లు, ట్యాక్స్ పెంపు కలిపి నాలుగు ప్రతిపాదనలు పెడితే జనం నాలుగూ తోసిపుచ్చారు. టెక్సాస్‌లో స్కూల్ బాండ్ బ్యాలెట్ మీద ‘ఇది ప్రాపర్టీ ట్యాక్స్ పెంపు’ అని పెద్దక్షరాల్లో రాయాలని 2019 నుంచి రూలుంది. అన్నట్టు, హెచ్1బి మీద ఉన్న మీకు ఈ ఓటు లేదు. బిల్లు మాత్రం అందరితో పాటే వస్తుంది.

ఇక మీ లెక్క. టెక్సాస్‌లో సొంతిట్లో ఉండేవారికి ఇంటి విలువలో 1 లక్షా 40 వేల మీద స్కూల్ ట్యాక్స్ ఉండదు, దీన్నే హోమ్‌స్టెడ్ మినహాయింపు అంటారు. అది పోగా ప్లేనో ఇంటికి స్కూల్ ట్యాక్స్ ఏడాదికి సుమారు 4,260 డాలర్లు, ప్రాస్పర్ ఇంటికి 7,250. నెలకు 250 తేడా. ఆరున్నర శాతం వడ్డీకి 30 ఏళ్ల లోను, 20 శాతం డౌన్ పేమెంట్ అనుకుంటే కిస్తీలో తేడా 860. సిటీ, కౌంటీ, కాలేజీ పన్నుల్లో మరో 100. మొత్తం నెలకు 1,200 పైమాటే. కమ్యూనిటీ నిర్వహణకు కట్టే హెచ్ఓఏ ఫీజు, కాలనీకి రోడ్లు, నీళ్ల లాంటి వసతుల కోసం వేసే పీఐడీ గానీ ఎంయూడీ గానీ ఉంటే అది దీని మీద అదనం. కొత్త సబ్‌డివిజన్లలో ఈ పీఐడీ, ఎంయూడీ సంగతి సాధారణంగా సేల్స్ ఆఫీసులో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అడిగి మరీ కాగితం తీసుకోండి.

నాకు అసలు టెన్షన్ నెల కిస్తీ కాదు. ప్రాస్పర్ ఇంటికి 20 శాతం డౌన్ అంటే 1 లక్షా 44 వేలు. మీ దగ్గర మిగిలే 16 వేలు, ఇల్లు చేతికొచ్చేటప్పుడు కట్టే క్లోజింగ్ ఖర్చులకే పోతాయి. ఉద్యోగం పోతే హెచ్1బి మీద దేశంలో ఉండటానికి మీకుండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం వెతుక్కుంటూ, నెలకు ఐదు వేలు దాటే ఇంటి ఖర్చు ఒక్క జీతం మీద మోస్తూ, బ్యాంకులో సున్నాతో ఉండటం ఎలా ఉంటుందో ఒకసారి ఇద్దరూ కూర్చుని ఊహించుకోండి. ప్లేనో ఇంటికైతే 1 లక్షా 10 వేల డౌన్, క్లోజింగ్ పోగా 38 వేల వరకు మిగులుతాయి. వాటిని ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఐ-140 ఉండటం మంచిదే కానీ అది జీతం తెచ్చిపెట్టదు.

కొత్త ఇళ్లలో ఇంకో చిక్కుంది. టెక్సాస్‌లో ఆస్తి విలువ జనవరి 1 నాటి స్థితి చూసి కడతారు. ఆ రోజుకి అక్కడ ఉన్నది ఖాళీ ప్లాటు లేదా సగం గోడలు అయితే మొదటి ఏడాది బిల్లు ప్లాటుకే వస్తుంది, ఎస్క్రో (పన్ను కోసం బ్యాంకు నెల కిస్తీతో కలిపి తీసుకుని పక్కన ఉంచే డబ్బు) కూడా అంతే తీసుకుంటారు. మరుసటి ఏడాది పూర్తి ఇంటి విలువ మీద బిల్లు వచ్చేసరికి ఎస్క్రోలో వేలల్లో లోటు తేలుతుంది. ఆ లోటు, పెరిగిన పన్ను రెండూ కలిపి నెల కిస్తీ ఒక్కసారిగా ఆరేడు వందలు, అంతకన్నా ఎక్కువ పెరిగిన కుటుంబాలు నా దగ్గరికి వచ్చాయి. మొదటి ఏడాది తక్కువ కట్టాం కదా అని కారు కొనేసినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

బిల్డింగ్ కొత్తది అయితే నాణ్యత ఉన్నట్టేనా? పక్కనే ఉన్న ఆలెన్ చూడండి. 6 కోట్ల డాలర్లతో కట్టిన ఈగిల్ స్టేడియం 2012లో తెరిచారు. 2014లో కాంక్రీటు పగుళ్లు తేలి మూసేశారు, 2015లో గానీ మళ్లీ తెరవలేదు. ఒక్క ఉదాహరణతో అన్నీ అంతే అనను. కానీ లాబీ అద్దాలు చూసి నిర్మాణం అంచనా వేయలేం. వేగంగా పెరిగే డిస్ట్రిక్టులో ఇంకోటి కూడా ఉంటుంది. ఏటా కొత్త స్కూళ్లు తెరుస్తారు కాబట్టి ఏ ఇంటికి ఏ స్కూలో చెప్పే జోనింగ్ మారుతూ ఉంటుంది. మీరు టూర్ చేసిన స్కూలుకే మీ బాబు వెళ్తాడని ఎవరూ రాసివ్వరు.

ప్లేనోలోనూ ప్రమాదం ఉంది, అది దాచను. మీరు భయపడాల్సింది చీకటి కారిడార్లకు కాదు, ఖాళీ అవుతున్న క్లాసులకు. ఇళ్ల ధరలు పెరిగి చిన్నపిల్లలున్న కుటుంబాలు ఉత్తరానికి వెళ్లిపోతుంటే పాత ఊళ్లలో పిల్లలు తగ్గుతున్నారు. ప్లేనో స్కూల్ బోర్డు 2024 జూన్‌లో డేవిస్, ఫోర్మన్ ఎలిమెంటరీలు, ఆర్మ్‌స్ట్రాంగ్, కార్పెంటర్ మిడిల్ స్కూళ్లు మూసేయాలని నిర్ణయించింది. ఫ్రిస్కోలో కూడా అదే ఏడాది చివర్లో స్టేలీ మిడిల్ స్కూలు మూసివేతకు ఓటు పడింది. కాబట్టి ఆఫర్ రాసే ముందు డిస్ట్రిక్ట్ ఆఫీసును రెండే అడగండి. ఈ స్కూలు సామర్థ్యం ఎంత, ఇప్పుడు పిల్లలెంత మంది? ప్లేనో 2022 బాండ్‌లో, ఆ తర్వాత పనుల జాబితాలో ఈ బిల్డింగుకు ఏం కేటాయించారు? నిండుగా ఉండి రిపేరు జాబితాలో ఉన్న పాత స్కూలు మంచి బేరం. సగం ఖాళీగా ఉండి జాబితాలో లేనిది అయితే వేరే జోన్ చూడండి.

స్కూలుకు స్వయంగా వెళ్లండి. ఆగస్టు ఎండలో వెళ్తే ఇంకా మంచిది, ఏసీ పనిచేస్తోందో లేదో అడక్కుండానే తెలుస్తుంది. సీలింగ్ పలకల మీద గోధుమ రంగు మచ్చలుంటే పైకప్పు కారుతోందన్నమాట. వడగళ్ల దెబ్బ తినే ఊళ్లు కదా ఇవి. బాత్రూముల దగ్గర తడి వాసన, వెనక ఆవరణలో పోర్టబుల్ గదులు, మెయిన్ డోర్ దగ్గర ఎవరొచ్చారో చూశాకే రెండో తలుపు తీసి లోపలికి పంపే ఏర్పాటు లేకపోవడం. ఇవి చూడండి. నిజంగా పిల్లల ఆరోగ్యానికి, చదువుకు అడ్డం వచ్చే లోపాలు ఇలాంటివే. గోడల రంగు, ఫర్నిచర్ వదిలేయండి.

నెలకు మిగిలే 1,200లో సగం, అంటే 600, పాప పేరున 529 ప్లాన్‌లో, అంటే కాలేజీ చదువు కోసం పన్ను రాయితీ ఉన్న పొదుపు ఖాతాలో, వేయండి. 6 శాతం రాబడి అనుకుంటే పదేళ్లకు దాదాపు 98 వేలు అవుతుంది. యూటీ ఆస్టిన్‌లో (టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీ) ఇన్-స్టేట్, అంటే టెక్సాస్‌లో ఉండే పిల్లలకు ట్యూషన్, హాస్టల్, తిండి కలిపి ఏడాదికి 30 వేలకు అటూ ఇటూ అవుతోంది. మూడేళ్ల ఖర్చు చేతిలో ఉన్నట్టే. మిగతా 600 మామూలు ఇండెక్స్ ఫండులో ఉంచండి, 529లో కాదు. రేపు ఇండియా వెళ్లిపోవాల్సి వస్తే 529 లాభం మీద పన్నుతో పాటు 10 శాతం పెనాల్టీ పడొచ్చు.

యూటీ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. టెక్సాస్‌లో హైస్కూలు ర్యాంకును బట్టి ఆటోమేటిక్ అడ్మిషన్ ఉంది. 2026 ఫాల్ నుంచి యూటీ ఆస్టిన్‌కు టాప్ 5 శాతంలో ఉండాలి. మన పిల్లలంతా ఒకే హైస్కూల్లో పోగుపడితే ఆ 5 శాతంలో చోటెంత కష్టమో చెప్పక్కర్లేదు. ఏ బిల్డింగ్ అందంగా ఉందో కనుక్కోవడం కన్నా మీ జోన్ హైస్కూల్లో ఆ పోటీ ఎంతుందో కనుక్కోవడం ఎక్కువ పనికొస్తుంది. అయితే ర్యాంకు కోసమే ఊరు మారమని నేను చెప్పను, ఎనిమిదేళ్ల పాపతో ఆ లెక్కలు ఇప్పుడే వద్దు.

ఇంతా విన్నాక కూడా ఇద్దరికీ ప్రాస్పరే కావాలనిపిస్తే, డౌన్ పేమెంట్, క్లోజింగ్ పోగా ఎనిమిది నెలల ఖర్చు బ్యాంకులో ఉండేదాకా ఆగండి. ఈలోగా అర్వింగ్ అద్దెలోనే ఉంటే నష్టం లేదు. అప్పుడు కూడా బిల్డర్ వడ్డీ తగ్గిస్తానంటే అది మొదటి రెండేళ్లకే వడ్డీ తగ్గించే బై-డౌనా, 30 ఏళ్లకా అని రాతపూర్వకంగా తీసుకుని, మూడో ఏడాది కిస్తీకి పూర్తి ఇంటి విలువ మీద పన్ను కలిపి లెక్కేసి నాకు పంపండి.