16 ఏళ్లవాడికి పెద్దవాళ్ల శిక్ష వేస్తే తప్పేంటి?

"ఘోరమైన నేరం చేసినవాడికి 16 అయితే ఏంటి 18 అయితే ఏంటి, పెద్దవాళ్లలాగే ఇరవయ్యేళ్లు లోపల వేయొచ్చుగా" అని అడిగారు. నేను లాయర్ని కాదు, కేసు తేలేదాకా పిల్లల్ని ఉంచే ఒక అబ్జర్వేషన్ హోమ్‌లో మూడేళ్లు ప్రతి ఆదివారం పిల్లలకి లెక్కలు చెప్పా, అక్కడ చూసింది చెప్తా.

ముందు ఒకటి, చట్టం మీరనుకుంటున్నంత మెత్తగా ఏం లేదు. 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం, కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ ఉండే నేరం 16 దాటినవాడు చేస్తే, అలాంటి నేరం చేసేంత తెలివి, శక్తి ఉన్నాయా, దానివల్ల ఏమవుతుందో అర్థం చేసుకోగలడా అని పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు మొదట అసెస్‌మెంట్ చేస్తుంది, అవసరమనుకుంటే కేసు చిల్డ్రన్స్ కోర్టుకి పంపిస్తుంది, అక్కడ పెద్దవాళ్లలా విచారించొచ్చు. శిక్ష పడితే 21 వచ్చేదాకా ప్లేస్ ఆఫ్ సేఫ్టీ, అంటే జైలు కాని వేరే నిర్బంధ కేంద్రంలో ఉంచుతారు, అప్పటికీ మారలేదనుకుంటే మిగతాది జైల్లోనే. ఉరి, బయటికొచ్చే దారే లేని యావజ్జీవం, ఈ రెండూ మాత్రం వేయకూడదు.

నాకు తేడా కొట్టేది ఆ అసెస్‌మెంట్ దగ్గరే. మా క్లాసులో ఒకడుండేవాడు, ఏమడిగినా "అవును సార్" అనేవాడు. అర్థమైందా అంటే అవును సార్, ఏడెనిమిదులు 54 కదరా అన్నా అవును సారే. ఇంట్లో కాదంటే తన్నులు పడేవంట, అలా అలవాటైపోయింది. వాణ్ణి అసెస్‌మెంట్‌కి తీసుకెళ్లొచ్చాక ఏమడిగార్రా అంటే, "చేసింది తప్పని తెలుసా అన్నారు, అవును సార్ అన్నా, దానివల్ల ఏమవుతుందో తెలుసా అన్నారు, అవును సార్ అన్నా" అన్నాడు. సరే ఏమవుతుందో నాకు చెప్పు అంటే తెల్లమొహం వేశాడు.

ఇంకొకడికి, నేరం రుజువైన పిల్లల్ని ఉంచే స్పెషల్ హోమ్‌లో మూడేళ్లు పడింది. ఎన్ని ఆదివారాలు సార్ అనడిగితే వాడితోనే గుణింపించా, 156 వచ్చింది, నమ్మక మళ్లీ చేశాడు. మూడేళ్లే బుర్రకెక్కనివాడికి ఇరవయ్యేళ్లని చెప్తే భయపడి నేరం మానేస్తాడంటే నాకైతే నమ్మకం లేదు.

అలాగని అందరూ అమాయకులే అనను. ఒకడు బయటికెళ్లి ఏడాది తిరక్కుండానే మళ్లీ వచ్చాడు, వాడి పక్కన కూర్చోవాలంటే నాకే భయమేసేది. అవతల నష్టపోయిన ఇంట్లోవాళ్ల కోపం కూడా తప్పని ఎవరంటారు?

కానీ 1989 ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందంలో ఉన్నది కూడా చూడండి, పిల్లల్ని నిర్బంధించడం ఆఖరి మార్గం, అదీ వీలైనంత తక్కువ కాలం. మనం 1992లో చేరాం. అమెరికా ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు, అక్కడ 18 లోపు చేసిన నేరానికి మరణశిక్ష కూడా 2005 దాకా ఉండేది.

పెద్దవాళ్లలా విచారించాల్సిందే అంటారా, సరే, కనీసం వాణ్ణి నాలుగు నెలలు చూసినవాళ్లనైనా ఒక మాట అడగమనండి. నన్నెవరూ అడగలేదు. అవును సార్ పిల్లాడి కేసు చిల్డ్రన్స్ కోర్టుకి పంపారు, ఆ తర్వాతి ఆదివారానికి వాణ్ణి వేరే చోటికి మార్చేశారు.