వుడ్‌లౌస్ (రొయ్యల బంధువైన, నేలపై బతికే చిన్న జీవి) ఏ జాతిదో తేల్చడానికి శరీర లక్షణాలు సరిపోతాయా, డీఎన్‌ఏ కూడా కావాలా?

రెండూ కావాలి, కానీ మొదలు శరీరంతోనే. రంగును నమ్మకండి: ఒకే జాతిలో బూడిద, గోధుమ, మచ్చలవి ఉంటాయి. ఇరిడోవైరస్ సోకితే నీలంగా కూడా మారతాయి.

ముందు మీసం చివరి కొరడా భాగంలో కణుపులు లెక్కపెట్టండి. పోర్సెల్లియో అనే ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) రెండు, ఒనిస్కస్ ప్రజాతికి మూడు. తర్వాత పొట్ట కింద తెల్లటి ఊపిరితిత్తి మచ్చలు చూడండి: పోర్సెల్లియోకు రెండు జతలు, ట్రాకెలిపస్ ప్రజాతికి ఐదు, ఒనిస్కస్‌కు అసలుండవు. ఇవి బతికున్నప్పుడే స్పష్టం, ఆల్కహాల్‌లో వేశాక మసకబారతాయి. ఈ మూడు ప్రజాతులను వేరుచేయడానికి ఇది చాలు. జాతి దగ్గర మాత్రం చాలాసార్లు మగజీవి మొదటి, రెండో ప్లియోపాడ్‌ల (పొట్ట కింది చదునైన ఉపాంగాల) ఆకారమే తీర్పు చెబుతుంది. వాటిని విప్పి స్లైడ్‌పై పెట్టి చూడాలి. దొరికినవన్నీ ఆడవైతే అక్కడే ఆగిపోతాం.

అప్పుడు డీఎన్‌ఏ అక్కరకొస్తుంది. ఒక పక్క కాళ్లు రెండు తీసి 95 శాతం ఇథనాల్‌లో ఉంచండి, మిగతా శరీరాన్ని ఆధారంగా దాచండి. ఫార్మలిన్ వద్దు, అది డీఎన్‌ఏను పాడుచేస్తుంది. సాధారణంగా చదివేది మైటోకాండ్రియాలో ఉండే సీఓఐ అనే జన్యువులో సుమారు 650 బేస్‌ల ముక్క. అయితే అది తల్లి నుంచే వస్తుంది. వుడ్‌లౌస్‌లలో విరివిగా ఉండే వోల్బాకియా బ్యాక్టీరియా కూడా తల్లి ద్వారానే సంక్రమిస్తూ, తనతోపాటు ఒకే రకం మైటోకాండ్రియాను జనాభా అంతా వ్యాపింపజేయగలదు. అందుకే సీఓఐ ఒక్కదానితో కొత్త జాతిని ప్రకటించడం తొందరపాటే. 28ఎస్ వంటి కేంద్రక జన్యువు, ప్లియోపాడ్‌లు కూడా అదే విభజన చూపాలి.